ఈతకొలను అడుగున కూర్చుని భోంచేశాం: సెయింట్ ఆగస్టీన్ లైట్‌నర్ మ్యూజియం

ఫ్లోరిడాలో మా అమ్మాయి వాళ్ళుండే జాక్సన్‌విల్ నుంచి సెయింట్ ఆగస్టీన్ ఊరు కారులో గంట ప్రయాణం. నేను అక్కడున్న మూడు నెలల్లో ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ ఒకే చోటికి. మొదటిసారి అమ్మాయి తీసుకెళ్ళింది. రెండోసారి నేనే అడిగి వెళ్ళాను. దాని పేరు లైట్‌నర్ మ్యూజియం. ఒకప్పుడు అది అల్కజార్ అనే పెద్ద హోటల్.

విజయనగరం తిరిగొచ్చాక మా వీధిలో అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏటి టీచరుగారూ, అంత దూరం వెళ్ళి పాత హోటలు గురించి చెప్తారేటి? డిస్నీ చూళ్ళేదా?" అని పక్కింటి కోడలు ఆశ్చర్యపోయింది. డిస్నీ కూడా చూశాను. మనవడు సంతోషించాడు, నాకూ బాగానే ఉంది. కానీ ఇంటికొచ్చాక రోజూ గుర్తొస్తున్నది ఆ హోటలే. మన జిల్లా నుంచి పిల్లల దగ్గరికి వెళ్ళే పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు. ఫ్లోరిడా వైపు వెళ్తే దీన్ని వదులుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన దగ్గర హోటల్ అంటే ఇడ్లీ, సాంబారు, గ్లాసులో టీ. ఇది అలాంటిది కాదు. రోడ్డు మీద నిలబడి చూస్తే కోటలా ఉంటుంది. ముందు వైపు రెండు గోపురాలు, ఎర్ర పెంకులు, కమాను ద్వారం. ఆ ద్వారం దాటితే మండువా ఇంట్లోలాగా మధ్యలో ఆకాశం కనిపించే పెద్ద చావడి. అందులో నీళ్ళ మడుగు, దాని మీద చిన్న రాతి వంతెన, కింద రంగుచేపలు, చుట్టూ తాటిజాతి చెట్లు. టికెట్ లేకుండానే అక్కడిదాకా వెళ్ళి కూర్చోవచ్చు. మావారు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ వంతెన దగ్గరే అరగంట కూర్చుండిపోయారు.

అల్కజార్ అన్నది స్పానిష్ మాట. అరబ్బీలో కోట అనే అర్థం ఉన్న మాట నుంచి అది వచ్చింది. స్పెయిన్ దేశంలో సెవిల్ నగరంలో ఆ పేరుతోనే రాజభవనం ఉంది. దాన్ని మనసులో పెట్టుకుని ఇక్కడ హోటల్ కట్టారు. సెయింట్ ఆగస్టీన్‌ని స్థాపించింది స్పెయిన్ వాళ్ళే, 1565లో. ఇప్పటి అమెరికా ప్రధాన భూభాగంలో యూరప్ వాళ్ళు స్థాపించి, అప్పటి నుంచి ఖాళీ కాకుండా ఉన్న ఊళ్ళలో ఇదే పాతది. మన విజయనగరం కోటకి శంకుస్థాపన జరిగింది 1713లో. అమెరికా అంటే అన్నీ కొత్తవే అనుకునే నాలాంటివాళ్ళకి, మన కోట కంటే దాదాపు నూటయాభై ఏళ్ళు పెద్దదైన ఊరు ఎదురవడం కొత్త అనుభవం.

ఈ హోటల్ కట్టించినవాడు హెన్రీ ఫ్లాగ్లర్. రాక్‌ఫెల్లర్‌తో కలిసి స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ పెట్టిన మనిషి. చలికాలంలో ఉత్తరాది ధనవంతులు వెచ్చదనం కోసం ఫ్లోరిడా వస్తారని ఊహించి, ముందు పాన్స్ డి లియోన్ అనే హోటల్ కట్టించాడు. అది 1888 జనవరిలో తెరుచుకుంది. దానికి సరిగ్గా ఎదురుగా, రోడ్డుకి ఇవతల, అదే సంవత్సరం అల్కజార్ పూర్తయింది. పాన్స్ డి లియోన్ బాగా డబ్బున్నవాళ్ళది. అల్కజార్ కాస్త తక్కువ ఖర్చుది, ఆటపాటలకి, స్నానాలకి పెట్టింది పేరు. రెండింటికీ నమూనా గీసినవాళ్ళు జాన్ కరేర్, థామస్ హేస్టింగ్స్. ఈ పని చేతికొచ్చేసరికి ఇద్దరికీ ముప్ఫై ఏళ్ళు నిండలేదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ భవనం తరవాత వీళ్ళు చేసిందే. కుర్రవాళ్ళని నమ్మి అంత పని అప్పగించడం నాకు చాలా నచ్చింది.

గోడల గురించి ఒక మాట చెప్పాలి. దగ్గరికి వెళ్ళి అరచేత్తో తడిమితే గరుకుగా ఉంటాయి. వేలికి చిన్నచిన్న గుల్లలు తగులుతాయి. ఆ తీరంలో కోకినా అనే రాయి దొరుకుతుంది. సముద్రపు గుల్లలు వేల ఏళ్ళు ఒకదాని మీద ఒకటి పేరుకుని, అతుక్కుని రాయి అయినవి. ఆ గుల్లల్ని సిమెంటులో కలిపి, అచ్చుల్లో పోసి ఈ గోడలు లేపారు. అప్పటికి అమెరికాలో పోత కాంక్రీటుతో ఇంత పెద్ద భవనాలు కట్టడం చాలా అరుదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు భీమిలి దగ్గర. ఆ ఇంటి గోడలు గుల్లసున్నంతో కట్టినవి. ఎండాకాలం మధ్యాహ్నం వీపు ఆనించి కూర్చుంటే చల్లగా ఉండేవి. ఇక్కడ గోడకి వీపు ఆనించినప్పుడు అదే చల్లదనం. సముద్రం పక్కన ఉన్న జనం ఎక్కడైనా గుల్లలతోనే ఇల్లు కట్టుకుంటారు కాబోలు.

ఇక అసలు విషయం, స్నానాలు.

హోటల్ వెనక భాగాన్ని అప్పట్లో కాసినో అనేవారు. అంటే జూదశాల కాదు, వినోదశాల. అందులో టర్కీ పద్ధతి స్నానాల గదులు, రష్యా పద్ధతి ఆవిరి గది, వ్యాయామశాల ఉండేవి. వీటన్నిటి మధ్యా ఈతకొలను. 120 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు. ఒక చివర 3 అడుగుల లోతు, రెండో చివర 12 అడుగులు. భూమిలో నుంచి తన ఒత్తిడితో తనే పైకి ఉబికే బావి నీళ్ళతో దాన్ని నింపేవారు. కప్పు కింద ఉన్న ఈతకొలనుల్లో ప్రపంచంలోనే పెద్దదని అప్పట్లో చెప్పుకునేవారు. కొలను చుట్టూ పై అంతస్తులో నాట్యశాల. పైన జంటలు నాట్యం చేస్తుంటే కింద జనం ఈదేవారు. పైవాళ్ళు పిట్టగోడ మీద నుంచి వంగి కిందకి చూడొచ్చు.

టర్కీ స్నానం అంటే పొడి వేడి. వేడి గదుల్లో కూర్చుని చెమట పట్టాక ఒళ్ళు రుద్దించుకుని కడుక్కోవడం. రష్యా స్నానంలో ఆవిరి కమ్ముతుంది, తరవాత చన్నీళ్ళలో మునగాలి. మా అమ్మాయి ఫలకం చదివి చెబుతుంటే నాకు భోగి నాటి తలంటు గుర్తొచ్చింది. నువ్వులనూనె మర్దన, సున్నిపిండి నలుగు, పొగ కక్కుతున్న కాగులో నీళ్ళు, ఆ తరవాత వచ్చే నిద్ర. మా అమ్మ గనక ఇక్కడికి వస్తే ఈ గదుల్లో ఏం చేసేవాళ్ళో ఎవరూ వివరించక్కర్లేదు.

ఇప్పుడు ఆ స్నానాల గదుల్లో శిల్పాలు, పాత వస్తువులు పెట్టారు. గది గదిలాగే ఉంది. గోడలు మార్చలేదు, తలుపులు మార్చలేదు. అందుకే వస్తువుని చూస్తున్నప్పుడు గది కూడా కనిపిస్తుంది. మామూలు మ్యూజియంలో అద్దాల బీరువా తప్ప చుట్టూ ఏమీ గుర్తుండదు. ఇక్కడ ఆవిరి గదిలోకి వెళ్ళగానే నా గొంతు నాకే మోగినట్టు వినిపించింది. మనవడు రెండుసార్లు "అమ్మమ్మా" అని అరిచి ఆ మోతని పరీక్షించాడు. అక్కడున్న ఉద్యోగిని కోప్పడలేదు, నవ్వింది.

ఇదంతా చూస్తున్నంతసేపూ నా మనసులో ఉన్నది మన ఔధ్‌ఖానా. కోట చూడ్డానికి వచ్చినవాళ్ళలో చాలామంది దాన్ని చూడకుండానే వెళ్ళిపోతారు. ఫూల్‌బాగ్ రాజభవనానికి అనుబంధంగా రాజకుటుంబం కోసం రాతితో కట్టిన స్నానాలగది అది. ఎనిమిది మూలల కట్టడం. లోపల మెలికలు తిరిగిన మెట్లు, 50 అడుగుల ఎత్తున నీళ్ళ తొట్టె. పక్క బావి నుంచి నీళ్ళు ఆ తొట్టెకి ఎక్కించి, అక్కడి నుంచి కిందకి వదిలేవారు. అంటే కరెంటు మోటారు లేని రోజుల్లోనే మనవాళ్ళు ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టారన్నమాట. సోషల్ టీచరుగా ఇరవయ్యేళ్ళు పిల్లల్ని కోటకి తీసుకెళ్ళాను. ప్రతిసారీ ఔధ్‌ఖానా ముందు ఆగి నీళ్ళు ఎలా ఎక్కేవో అడిగేదాన్ని. ఒక్కో పిల్ల ఒక్కో రకంగా ఊహించేది. ఒక అమ్మాయి ఏనుగులు తొండంతో పోసేవేమో అంది. ఆ జవాబు ఇప్పటికీ నాకు ఇష్టం.

రెండు ఊళ్ళ మధ్య ఎన్ని సముద్రాలున్నా రెండు చోట్లా కథ నీళ్ళదే. ఇక్కడ రాజుగారు నీళ్ళు పైకి ఎక్కించుకున్నారు, అక్కడ భూమే నీళ్ళని పైకి తోసింది.

హోటల్ ఎందుకు మూతపడిందో తెలుసుకున్నప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. ఫ్లాగ్లర్ హోటళ్ళతో ఆగలేదు, రైలు మార్గం వేసుకుంటూ దక్షిణానికి వెళ్ళాడు. 1894లో పామ్ బీచ్‌లో ఇంకా పెద్ద హోటల్ తెరిచాడు. 1896లో రైలు మయామీ చేరింది. ఆయన ఆఖరి రోజుల్లో, 1912లో, సముద్రం మీదుగా కీ వెస్ట్ దాకా వెళ్ళింది. రైలు ముందుకు వెళ్ళేకొద్దీ ధనవంతులు కూడా ఇంకా వెచ్చటి ఊళ్ళకి వెళ్ళిపోయారు. ఆయన వేసిన పట్టాలే ఆయన మొదటి హోటళ్ళ నుంచి అతిథుల్ని ఎత్తుకుపోయాయి. తరవాత ఫ్లోరిడాలో భూముల ధరలు కూలిపోయాయి, ఆపైన 1929 ఆర్థిక మాంద్యం. 1932లో అల్కజార్ మూసేశారు. పద్నాలుగేళ్ళు తాళం. ఆ కొలను ఎండిపోయి, నాట్యశాలలో ఎవరూ నడవకుండా ఎలా ఉండి ఉంటుందో ఆలోచించాను. బొబ్బిలి వైపు ఊళ్ళలో పెద్ద పెద్ద లోగిళ్ళు తాళాలు వేసి ఉన్నవి చూసినప్పుడు కలిగే బాధే అది.

1946లో ఆ భవనాన్ని కొన్నవాడు ఒట్టో లైట్‌నర్. షికాగో మనిషి, పత్రిక నడిపేవాడు. ఆ పత్రిక పేరు హాబీస్, వస్తువులు సేకరించేవాళ్ళ కోసం. మాంద్యంలో చితికిపోయిన షికాగో ధనవంతులు ఇళ్ళలోని సామాను అమ్ముకుంటుంటే ఈయన కొన్నాడు. గాజు సామాను, బొమ్మలు, చిత్రాలు, కుర్చీలు, బల్లలు, అన్నీ. వాటిని పెట్టుకోవడానికి చోటు కావాలి. అంత చోటు ఖాళీగా ఉన్నది ఈ హోటల్లోనే. 1948లో మ్యూజియం తెరిచి, దాన్ని ఆ ఊరి పాలకులకే అప్పగించాడు. 1950లో చనిపోయాడు. ఆయన సమాధి ఆ చావడిలోనే ఉంది. మ్యూజియం మళ్ళీ బాగుచేసి 1974లో తెరిచారు. భవనం ముందు భాగంలో ఇప్పుడు ఊరి పాలక కార్యాలయాలు ఉన్నాయి. అంటే ఒకే కప్పు కింద ఊరి పరిపాలనా, ఊరి జ్ఞాపకాలూ నడుస్తున్నాయి.

లైట్‌నర్‌లో నాకు నచ్చింది ఆయన నమ్మకం. ప్రతి మనిషికీ ఏదో ఒకటి సేకరించే అలవాటు ఉండాలని ఆయన అనేవాడట, డబ్బున్నవాళ్ళకే కాదు, అందరికీ. అందుకే ఆ మ్యూజియంలో ఖరీదైన గాజు పక్కనే బొత్తాల్లాంటి చిన్న వస్తువులకీ చోటుంది. నేను నెల్లిమర్ల స్కూల్లో పనిచేసినప్పుడు ఒక పిల్లవాడు అట్టపెట్టె నిండా అగ్గిపెట్టె బొమ్మలు దాచుకునేవాడు. ఇంట్లో తిడుతున్నారని నా దగ్గర పెట్టమన్నాడు. నేను వాటిని క్లాసు గోడకి వరసగా అంటించాను. ఏ ఊళ్ళో తయారైన అగ్గిపెట్టె ఏదో పిల్లలు చదివి మ్యాపులో వెతికేవారు. ఆ సంవత్సరం చెప్పినంత సులువుగా జాగ్రఫీ ఇంకెప్పుడూ చెప్పలేదు. బొత్తాల పెట్టె ముందు నిలబడ్డప్పుడు ఆ పిల్లవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో అనిపించింది.

కింది అంతస్తులో రకరకాల వింత వస్తువులున్నాయి. పొట్టలో గడ్డి కూరినట్టు భద్రపరిచిన సింహం ఒకటి ఉంది. దాని పేరు రోటా. 1943లో బ్రిటన్ ప్రధాని చర్చిల్‌కి దాన్ని బహుమతిగా ఇచ్చారు, అది లండన్ జూలో ఉండేది. చనిపోయాక ఇక్కడికి చేరింది. మనవడికి మ్యూజియం మొత్తంలో అదే నచ్చింది. నేను ఎక్కువసేపు చూడలేకపోయాను. పూర్తిగా గాజుతో ఊది చేసిన ఆవిరి యంత్రం నమూనా మాత్రం పిల్లలకి తప్పక చూపించాల్సింది. లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపిస్తుంది.

రెండో అంతస్తు గాజుది. కోత గాజు పాత్రలు గదుల నిండా ఉన్నాయి. మెరుపు బాగుంది కానీ నాకు రెండు గదులకే చాలనిపించింది. టిఫానీ గాజు దగ్గర మాత్రం నిలబడిపోయాను. లూయీ టిఫానీ పనిలో రంగు గాజు మీద పూసింది కాదు, కరిగిన గాజులోనే కలిపింది. అందుకే వెలుగు వెనక నుంచి వచ్చినప్పుడు ఆ రంగు లోపల నుంచి ఊరినట్టుంటుంది. మావారు "దసరాకి పైడితల్లమ్మ గుడి దగ్గర రంగు దీపాలు ఇలాగే ఉంటాయి కదే" అన్నారు. ఉండవు. కానీ ఆ గది మధ్యలో నిలబడి ఆయనకి మన ఊరు గుర్తొచ్చిందని నాకు సంతోషమేసింది.

నేను రెండోసారి వెళ్ళడానికి కారణం సంగీతం గది.

మా నాన్నకి గంటస్తంభం దగ్గర గడియారాల రిపేరు షాపు ఉండేది. షాపు అంటే ఒక బల్ల, ఒక అద్దాల పెట్టె, నాన్న, ఒక స్టూలు. స్కూలు అయ్యాక ఆ స్టూలు నాది. గడియారాలే కాకుండా గ్రామఫోన్లూ, కీ ఇచ్చే బొమ్మలూ కూడా వచ్చేవి. నాన్న గడియారాన్ని ముందు చెవి దగ్గర పెట్టుకునేవాడు. తరవాత నా చెవి దగ్గర పెట్టి, "విను. నడుస్తోందా, కుంటుతోందా?" అనేవాడు. మొదట్లో నాకు రెండూ ఒకేలా వినిపించేవి. ఏడో తరగతికొచ్చేసరికి తేడా తెలిసింది. టిక్‌కీ టిక్‌కీ మధ్య ఎడం సమంగా లేకపోతే అది కుంటు.

మ్యూజియంలో తమంతట తాము పాడే వాయిద్యాలు ఉన్నాయి. 1870ల నుంచి 1920ల దాకా తయారైనవి. రేడియో లేని రోజుల్లో ధనవంతుల ఇళ్ళలో, హోటళ్ళలో ఉండేవి. రోజూ ఫలానా వేళకి ఒక ఉద్యోగి వచ్చి కొన్నిటిని మోగించి చూపిస్తాడు. మొదటిసారి మేము కాఫీ తాగి వచ్చేసరికి అది సగం అయిపోయింది. అందుకే మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది. రెండోసారి పదిహేను నిమిషాలు ముందే వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను.

ముందు పళ్ళెం పెట్టె. పళ్ళెమంత గుండ్రటి లోహపు రేకు, దాని నిండా సన్నటి పొడుపులు. రేకు తిరుగుతుంటే ఆ పొడుపులు కింద ఉన్న చిన్న చక్రాల్ని కదుపుతాయి. ఆ చక్రాలు ఉక్కు దువ్వెన పళ్ళని మీటుతాయి. పొడుగు పన్ను మంద్రం, పొట్టి పన్ను తారస్థాయి. పాట మార్చాలంటే రేకు మార్చాలి. తరవాత పియానో. దానికి మనిషి అక్కర్లేదు. కన్నాలు పొడిచిన కాగితం చుట్ట నెమ్మదిగా తిరుగుతుంది, కన్నం వచ్చినచోట గాలి పీల్చుకుని ఆ మెట్టు కిందకి దిగుతుంది. ఎవరూ ముట్టుకోకుండా మెట్లు వాటంతటవే కిందకీ పైకీ కదులుతుంటే గదిలో అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. ఆఖరికి ఆర్కెస్ట్రియన్, బీరువా అంత పెట్టెలో డప్పు, తాళాలు, పియానో, అన్నీ కలిపి ఒక మేళం. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరు మనది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాల్. వాయిద్యం వెనక మనిషి లేకుండా పాట వినడం మన చెవికి మొదట్లో ఒప్పదు. రెండు నిమిషాలయ్యాక ఆ పెట్టె తయారుచేసిన మనిషి వినిపించడం మొదలవుతుంది.

అందరూ వెళ్ళిపోయాక నేను పళ్ళెం పెట్టె దగ్గరే నిలబడ్డాను. మనవడి చేత ఇంగ్లీషులో చెప్పించాను, మా నాన్న ఇలాంటివి బాగుచేసేవాడని. ఆ పెద్దాయన వెంటనే ఒంగి, పక్కన గిర్రున తిరిగే చిన్న రెక్కని వేలితో చూపించాడు. నాకు అది ముందే తెలుసు. గ్రామఫోన్‌లోనూ పని అదే, రూపం వేరు. స్ప్రింగుకి కొత్తగా కీ ఇచ్చినప్పుడు బిగువు ఎక్కువ, పాట పరుగెడుతుంది. స్ప్రింగు సడలేకొద్దీ పాట ఈడుస్తుంది. ఆ రెక్క గాలికి అడ్డం తిరుగుతూ వేగాన్ని ఒకేలా ఉంచుతుంది. నేను వేలితో గాలిలో తిప్పి చూపిస్తే ఆయన తల ఊపాడు. తరవాత ఇంకో రేకు పెట్టి, మా ఇద్దరి కోసం ఇంకో పాట మోగించాడు. నేను కళ్ళు మూసుకుని విన్నాను. కుంటడం లేదు.

నాన్న పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఆ నాలుగు నిమిషాలు ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నట్టే ఉంది.

భోజనం గురించి చెప్పాలి. ఈతకొలనులో ఇప్పుడు నీళ్ళు లేవు. లోతు ఎక్కువున్న చివర బల్లలు, కుర్చీలు వేసి మధ్యాహ్నం భోజనశాల నడుపుతున్నారు. మేము సూపు, బ్రెడ్డు, సలాడ్ తిన్నాం. శాకాహారులు ఆర్డర్ ఇచ్చేటప్పుడే అడిగి చెప్పించుకోవడం మంచిది. రుచి బాగుంది, వేడిగా తెచ్చారు. కానీ అక్కడికి వెళ్ళాల్సింది రుచి కోసం కాదు. కుర్చీలో కూర్చుని తలెత్తితే కొలను అంచు చాలా పైన ఉంటుంది. ఆ పైన నాట్యశాల పిట్టగోడ, ఇంకా పైన కప్పు. ఒకప్పుడు మన తల మీద అన్ని అడుగుల నీళ్ళు ఉండేవి. "అమ్మమ్మా, మనం ఇప్పుడు మునిగిపోయామా?" అన్నాడు మనవడు, చెంచా పట్టుకుని. వాడి ప్రశ్నకి పక్క బల్ల వాళ్ళు కూడా పైకి చూశారు.

రోడ్డు దాటితే పాన్స్ డి లియోన్ హోటల్. 1968 నుంచి అది ఫ్లాగ్లర్ కాలేజీ. అప్పటి భోజనశాలలో ఇప్పుడు విద్యార్థులు తింటారు, చుట్టూ టిఫానీ గాజు కిటికీలు. అది విన్నప్పుడు మాత్రం నాకు ఆశ్చర్యం కలగలేదు, గర్వంగా అనిపించింది. ఎందుకంటే ఈ పని మన ఊరు అంతకంటే ముందే చేసింది. విజయనగరం రాజవంశానికి చెందిన పీవీజీ రాజుగారు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటని చదువుకి ఇచ్చారు. కోరుకొండ రాజభవనంలో 1962 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. కోట గోడల మధ్య ఇన్నేళ్ళుగా ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడిచారు, వాళ్ళలో నేనూ ఉన్నాను. కోటలో 1869లో కట్టిన మోతీ మహల్ మాత్రం ఇప్పుడు చూద్దామంటే లేదు. నా దగ్గర దాని ముందు దిగిన కాలేజీ ఫొటో ఒకటి మిగిలింది. అల్కజార్ నాట్యశాలలో నిలబడ్డప్పుడు ఆ ఫొటో ఎన్నిసార్లు గుర్తొచ్చిందో. పద్నాలుగేళ్ళు ఖాళీగా ఉన్న భవనానికి ఎవరో ఒకరు కొత్త పని చూపించారు, అది నిలబడింది. మన ఔధ్‌ఖానాకి కూడా ఒక పని చూపించాలని నా కోరిక. లోపల రాజుల కాలం నాటి నీటి ఏర్పాటుని బొమ్మలతో వివరిస్తే చాలు, జిల్లాలో ప్రతి స్కూలూ బస్సు కట్టించుకుని వస్తుంది.

వెళ్ళేవాళ్ళకి నాకు తెలిసినవి చెప్తాను. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచి ఉంటుంది, క్రిస్మస్ రోజు సెలవు. పొద్దున్నే వెళ్ళండి. ఫ్లోరిడాలో ఎండాకాలం మధ్యాహ్నాలు మన మే నెలలాగే ఉక్క, పైగా చెప్పకుండా ఉరుములతో వాన. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. టికెట్ తీసుకోగానే సంగీతం గది వేళ అడిగి, మిగతాది దాని చుట్టూ సర్దుకోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పై అంతస్తు నుంచి మొదలుపెడితే దిగడమే ఉంటుంది. ఇంకా ఓపికుంటే దగ్గర్లోనే కాస్టిల్యో డి సాన్ మార్కోస్ కోట ఉంది. స్పెయిన్ వాళ్ళు 1672లో మొదలుపెట్టి కోకినా రాయితో కట్టినది. ఆ రాయి మెత్తన కాబట్టి ఫిరంగి గుండు తగిలితే పగలకుండా లోపలికి దిగిపోయేదట. మన కోట చూసి పెరిగినవాళ్ళకి అది కూడా నచ్చుతుంది. కానీ రెండూ ఒకే రోజు పెట్టుకుంటే సంగీతం గది దగ్గర తొందరపడాల్సి వస్తుంది, అది నాకు ఇష్టం లేదు.

పోయిన శుక్రవారం సాయంత్రం నా స్నేహితురాలితో కలిసి ఔధ్‌ఖానా దాకా నడిచాను. ఆమె తెలుగు టీచరు, నాతో పాటే రిటైరైంది. అక్కడే నిలబడి ఫోనులో ఆ ఈతకొలను ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది. "ఈ బల్లలు వేసింది అడుగునా?" అంది. అవునన్నాను. తలెత్తి ఔధ్‌ఖానా పైన తొట్టె ఉన్న వైపు చూసి, మళ్ళీ ఫొటో చూసింది. ఆమె చిన్నకూతురు టాంపాలో ఉంటుంది. ఇంటికి వెళ్ళేదారిలోనే, మూడు లాంతర్ల కూడలి దగ్గర ఆటో కోసం ఆగినప్పుడు, కూతురికి ఫోన్ చేసి సెయింట్ ఆగస్టీన్ మీ ఊరికి ఎంత దూరమే అని అడిగింది.